వామన వృక్షము - వాత్సల్య ధర్మము

సర్వమును శ్రీమన్నారాయణునకు శరీరమని విశిష్టాద్వైత సిద్ధాంతము. మనుష్యులు, పశుపక్ష్యాదులు మాత్రమే కాదు; కదలలేని చెట్టుచేమలు కూడ ఆయన శరీరములోనివే. చెట్టులో ఉన్నవాడును జీవుడే. వాని జ్ఞానము ముకుళించి ఉన్నది గాని, వాడు వేరొక జాతివాడు కాడు. ఈ సత్యమును ప్రవచనమున విని తల ఊపుట సులభము. చేతిలో పదునైన కత్తెరయు, ఎదుట ఒక మొక్క తల్లివేరును ఉన్న వేళ దీనిని జ్ఞప్తికి తెచ్చుకొనుట అంత సులభము కాదు. ప్రాణమున్నదాని వేరును, దాని మేలు కొరకేనని తలంచుచు, మానవుడు కోయవచ్చునా? కోసినచో ఆ కోతలో ధర్మమెంత, అధర్మమెంత? చిన్న కుండీలో పుట్టిన ఈ ప్రశ్న విచారించిన కొలది పెద్దదగుచున్నది.

విశాఖపట్టణము సముద్రమునకును తూర్పు కనుమల కొండలకును నడుమ పెరిగిన నగరము. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1966లో ప్రజలు ఉద్యమించి, ప్రాణములు సైతము అర్పించి కోరుకొన్న ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైనది. ఊరు పెరిగెను; పెరళ్లు తరిగెను. ఒకప్పుడు వాకిట వేపచెట్టు, వెనుక నందివర్ధనము, నడుమ తులసికోట ఉన్న ఇండ్ల స్థానమున అంతస్తుల మేడలు లేచినవి. నేల లేని గృహస్థు మేడమీద కుండీలు పెట్టుకొనుచున్నాడు. గోదావరి తీరమున కడియం ప్రాంతపు నర్సరీలలో పెరిగిన మొక్కలు నల్లని ప్లాస్టిక్ సంచులలో లారీలెక్కి ఊరూరికి చేరుచున్నవి. అట్టి మొక్కలలో జువ్వి, మర్రి, దానిమ్మ, చింత, బోగన్‌విల్లా మొదలగు వానిని లోతులేని పళ్ళెము వంటి కుండీలో నాటి, కురచగా, కాని పూర్ణవృక్షపు రూపముతో పెంచు విద్య ఒకటి కలదు. చైనాలో పుట్టి, జపానులో పెరిగిన ఈ విద్యను బోన్సాయ్ అందురు. బోన్ అనగా పళ్ళెము, సాయ్ అనగా నాటుట. తెలుగువారు దీనికి పెట్టుకొన్న పేరు ఇంకను అందమైనది: వామన వృక్షము.

ఒక ఇంటి ప్రశ్న

గాజువాక పరిసరములలో ఒక ఇంటిని ఊహించుకొనవచ్చును. ఇంటి పెద్ద వృద్ధురాలైన తల్లి. ఆమె కాపురమునకు వచ్చిన పల్లె నేడు లేదు; ఆ నేల కర్మాగారమునకై ఇచ్చిన నేలలో కలిసిపోయినది. కుమారుడు ఉద్యోగి. తొలకరి వానలు పడిన ఒక ఆదివారము అతడు మేడమీద చాప పరచి, నర్సరీనుండి తెచ్చిన జువ్వి మొక్కను సంచినుండి విడదీసి, కత్తెర తీసికొని కూర్చున్నాడు. ప్రక్కన కూతురు గొంతుకూర్చున్నది.

"నాన్నా, వేరు కోస్తే దానికి నొప్పి పుట్టదా?" అని ఆ పిల్ల అడిగినది.

"మొక్కకు నొప్పేమిటమ్మా!" అని తండ్రి నవ్వినాడు.

వృద్ధురాలు మాత్రము నవ్వలేదు. "ఎందుకు పుట్టదు నాయనా? వేరు తెగినవాళ్లకి తెలుస్తుంది" అన్నది.

ఇట్టి ఇండ్లు ఆ నగరమున అనేకము కలవు. ఇట్టి మాట ఆ ఇండ్లలో పుట్టుట సహజము. కుమారుని చేతిలో కత్తెర ఆగిపోయినది. అతని పని తప్పా, ఒప్పా? తల్లి మాట కేవలము వృద్ధాప్యపు బెంగయా, లేక అందులో ధర్మసూక్ష్మమున్నదా?

చెట్టుకు తెలియునా?

ఆర్షగ్రంథములు ఈ ప్రశ్నను చిన్నచూపు చూడలేదు. వృక్షములకు లోపల చైతన్యమున్నదనియు, సుఖదుఃఖములతో కూడి ఉండుననియు మనుస్మృతి చెప్పుచున్నది. మహాభారత శాంతిపర్వమున భృగు మహర్షి భరద్వాజునకు ఇదే విషయమును వివరించును. ఎండకు ఆకు వాడుటను, ఉరుము ధ్వనికి పూవు రాలుటను, తీగ త్రోవ వెదకికొని ప్రాకుటను, వేరుతో నీరు త్రాగుటను నిదర్శనములుగా చూపి, చెట్టునకు స్పర్శాదులు కలవని ఆయన నిరూపించును. వరాహమిహిరుని బృహత్సంహితలో ప్రతిమకై కొయ్యను తెచ్చుకొను విధి కలదు. ముందుగా ఆ చెట్టును పూజించి, దానిని ఆశ్రయించి ఉన్న భూతములను వేరొకచోటికి తరలుమని ప్రార్థించి, ఆ పిమ్మట మాత్రమే గొడ్డలి పట్టవలెనట. భగవంతుని విగ్రహము కొరకే అయినను, అడుగక కోయుట తగదని ఆ విధి యొక్క సారము.

వైష్ణవ గృహములలో ఈ వినయము నేటికిని నిత్యకృత్యముగా ఉన్నది. ద్వాదశినాడు తులసి దళము కోయరు. ప్రొద్దు క్రుంకిన తరువాత కోయరు. కోయునపుడు నమస్కరించి, స్వామి పాదపూజకేనని విన్నవించుకొని కోయుదురు. ఆ దళము స్వామి పాదములకు చేరవలసినదే. అయినను తీసికొనునది తన సొత్తు కాదని కోయు చేతికి ముందుగా జ్ఞాపకము చేయుదురు.

గత శతాబ్దమున జగదీశచంద్ర బోసు అతిసూక్ష్మమైన యంత్రములను నిర్మించి, మొక్క తాకిడికిని, వేడికిని, విషమునకును స్పందించుటను కొలచి చూపినాడు. నరములు, మెదడు లేని చెట్టు జంతువువలె నొప్పి అనుభవించునని నేటి వృక్షశాస్త్రము అంగీకరింపదు. కాని గాయము తగిలిన వార్త చెట్టు ఒడలిలో ఒకచోటినుండి మరియొకచోటికి ప్రసరించుననియు, గాయమును మూసికొనుటకు చెట్టు తన శక్తిని మళ్లించుననియు అంగీకరించుచున్నది. కాగా పిల్ల అడిగిన ప్రశ్న వెర్రి ప్రశ్న కాదు. చెట్టు అనుభవించునది నొప్పియా, మరియొకటియా అన్నది తేలకపోయినను, కోత దానికి ఏమియు కానిది మాత్రము కాదు. కోయువాడు ఇది ఎరిగి కోయవలెను.

కోయకున్న ఏమగును?

అయితే వేరు ముట్టకుండుటయే అహింసయా? ఇచ్చట తోటవాని అనుభవము వినవలెను.

నర్సరీ సంచిలో ఏండ్ల తరబడి ఉండిపోయిన మొక్కను వెలికి తీసి చూచినచో మట్టి కనబడదు, వేళ్లే కనబడును. దారి లేని వేరు సంచి గోడ వెంట చుట్టలు చుట్టలుగా తిరుగును. తిరిగి తిరిగి తన తోటి వేరునే బిగించును. కొన్నిమారులు కాండము మొదటినే ఉరివలె చుట్టుకొనును. పైన ఆకులు పచ్చగానే ఉండును. నీరు పోసినను లోపలికి దిగదు. ఒకటి రెండేండ్లకు కొమ్మలు చివరనుండి ఎండసాగును. అట్టి మొక్కను చుట్టలు విప్పకయే బాట ప్రక్కన గోతిలో పాతినను, ఆ వేళ్లు నలుదెసలకు పరచుకొనక పాత వలయములోనే తిరుగును. చూచుటకు చెట్టే, పట్టు మాత్రము ఉండదు. పెనుగాలి వచ్చిన దినమున ఆ సంగతి బయటపడును. కనుక ఇరుకులో పెట్టినవాడు వేరును కోయకుండుట దయ కాదు. అది ఉపేక్ష.

కోతకు ఒక క్రమమున్నది. ప్రతి అడుగు వెనుకను ఒక కారణమున్నది. జపానులో వసంతారంభమున, మొగ్గ విప్పకముందు ఈ పని చేయుదురు. విశాఖవంటి ఉక్కపోత తీరమున జువ్వి, మర్రి జాతులకు తొలకరి అనుకూలము. అప్పుడు చెట్టు చురుకుగా పెరుగుచుండును, గాలిలో తేమ ఉండును. రోహిణీ కార్తె ఎండలలోను, తుఫానుల ఋతువులోను ముట్టరాదు. మొక్కను వెలికి తీసి, వెదురుపుల్లతో వేళ్లను తల దువ్వినట్లు మెల్లగా విడదీయవలెను. నేరుగా క్రిందికి దిగిన తల్లివేరు ఆకాశమునకు ఎదుగు చెట్టును నిలబెట్టుటకు పుట్టినది. లోతులేని పళ్ళెములో దానికి చోటు లేదు. దానిని కురచ చేయుదురు. కాని సన్నని పీచువేళ్లను పదిలపరచుదురు. నీటిని పీల్చునవి ఆ లేత వేళ్లే. ఆరోగ్యముగా ఉన్న మొక్కకైనను ఒకమారు మూడవ వంతుకు మించి వేళ్లను తీయకుండుట క్షేమము. మొండి కత్తెర నలిపివేయును, పదునైన కత్తెర తెంచును. నలిగినది క్రుళ్లును, తెగినది మానును. తెగిన పెద్దవేరు చివరనుండి కొన్ని దినములలో అనేకమైన పిల్లవేళ్లు పుట్టును. చెట్టునకు పునర్యౌవనము వచ్చుట ఈ పిల్లవేళ్ల వలననే.

వేరు తగ్గినపుడు ఆకు కూడ కొంత తగ్గవలెను. త్రాగు నోళ్లు తక్కువై, ఆవిరియై పోవు ద్వారములు ఎక్కువైనచో మొక్క దాహముతో చచ్చును. క్రొత్త కుండీ రంధ్రములపై వల పరచి, జల్లించిన ఇటుకముక్కలు, ఇసుక, ఎర్రమట్టి, బాగుగా చివికిన ఎరువు కలిపి పోసి, మొక్కను నిలిపి, కదలకుండ సన్నని తీగతో కుండీకి కట్టుదురు. గాలికి కదలినచో అప్పుడే పుట్టిన వేరునూగు తెగిపోవును. పిమ్మట అడుగునుండి తేటనీరు వచ్చువరకు పోసి, నీడలో ఉంచుదురు. రెండు మూడు వారములు ఎండకు చూపరు. నెల గడచువరకు ఎరువు వేయరు. గాయపడిన వేరు ఎరువు ఘాటును తట్టుకొనలేదు.

ఈ క్రమమును పరికించినచో ఒక సంగతి స్పష్టమగును. కోత గడియ పని, మిగిలినదంతయు కాపుదల. ఆ కాపుదల కూడ ఒక్కమారుతో తీరునది కాదు. లేత చెట్టుకు ఏడాదికో, రెండేండ్లకో మరల వేరు సవరించి మట్టి మార్చవలెను. ముదిరిన చెట్టుకు మూడు నాలుగేండ్లకు ఒకమారు. పళ్ళెములో ఉన్న పిడికెడు మట్టి వేసవిలో పూటకొకమారు ఎండును. ఉదయము, సాయంకాలము నీరు పోయవలసివచ్చును. నేలలోని చెట్టు యజమానిని మరచినను బ్రతుకును. కుండీలోని చెట్టును యజమాని మరచినచో చచ్చును. చెట్టును కురచ చేసినవాడు తన్ను తాను దానికి కట్టివేసికొన్నవాడగుచున్నాడు.

వెండి బొరిగె

చేతికి వినయము నేర్పు దృశ్యమొకటి విశాఖవాసులకు ప్రతి వత్సరమును సింహగిరిపై లభించుచున్నది. శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు చందనపు పూతలో నిత్యరూపమున దర్శనమిచ్చును. వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయనాడు మాత్రమే ఆ పూతను తొలగింతురు. వెండి బొరిగెలతో, స్వామికి శ్రమ కలుగకుండ, మెల్లమెల్లగా ఒలుతురు. ఆనాడు నిజరూప దర్శనము. తిరిగి ఆ దినముననే చందన సమర్పణ ప్రారంభమగును. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలలో మిగిలిన విడతలు సమర్పించి పూతను పూర్తి చేయుదురు.

స్వామి సేవకును తోటపనికిని సామ్యము చెప్పుట తగదు. అచ్చట ఒలుచుట ఉత్సవము, ఇచ్చట కోయుట గాయము. కాని సేవకుని చేతినుండి తోటవాని చేయి నేర్చుకొనవలసినది కలదు. కప్పుటకు సర్వము సిద్ధము చేసికొనిన పిమ్మటనే అర్చకులు విప్పుటకు పూనుకొందురు. చందనము నూరుట ఎన్నో దినముల ముందే మొదలగును. విప్పినదానిని విప్పినట్లు విడిచిపోరు. బొరిగె తోటపనిముట్టే, దానిని పట్టుకొన్న భావము మారగనే అది సేవాసాధనమైనది.

బలి వాకిట వామనుడు

ఈ కురచ చెట్లకు వామన వృక్షములని పేరుపెట్టినవారు తెలిసి పెట్టిరో, తెలియక పెట్టిరో గాని, ఈ ధర్మవిచారమునకు సమాధానము ఆ పేరులోనే ఉన్నది.

భాగవతాష్టమస్కంధమున బలిచక్రవర్తి వృత్తాంతము జగద్విదితము. పోతనామాత్యుని వలన తెలుగు ఇంటింటికి సుపరిచితము. వామనుడు మూడడుగుల నేల అడిగెను. రెండడుగులతో భూమ్యాకాశములను కొలచెను. మూడవ అడుగునకు బలి తన శిరస్సు నొసగెను. రాజ్యము, సంపద, పరివారము, గురువు అండ, అన్నియు ఒక్క దినమున తెగిపోయినవి. వేళ్లతో సహా పెకలింపబడిన మహావృక్షము వలె బలి నిలిచెను. అప్పుడచ్చటికి అతని తాత ప్రహ్లాదుడు వచ్చెను. ఏ ప్రహ్లాదుని రక్షించుటకై స్వామి సింహగిరిపై వెలసెనని స్థలపురాణము చెప్పుచున్నదో ఆ ప్రహ్లాదుడే. మనుమని దుస్థితి చూచి ఆయన స్వామిని నిందింపలేదు. ఇంద్రపదవిని ఇచ్చినదియు నీవే, తీసికొన్నదియు నీవే, రెండును అనుగ్రహమే అను భావముతో స్తుతించెను.

సామాన్యముగా కథ చెప్పువారు మూడవ అడుగుతో ముగింతురు. ధర్మరహస్యము దాని తరువాత ఉన్నది. సర్వము తీసికొన్న స్వామి బలిని శూన్యములో విడువలేదు. సుతలలోకమున చోటిచ్చెను. ప్రహ్లాదుని తోడిచ్చెను. అంతటితో ఆగక, తానే గద ధరించి బలి వాకిట ద్వారపాలకుడై నిలిచెను. తీసికొన్న చేయియే కాపలా కాయుచున్నది. మూడు లోకములు కొలచిన పాదము ఒక భక్తుని గడపవద్ద కదలక నిలిచినది. సర్వస్వామి, తీసికొనుటకు సంపూర్ణాధికారము కలవాడు, తీసికొన్న తరువాత సేవకుని స్థానమున నిలిచెను. అట్లైనపుడు, ఏ అధికారమును స్వతఃసిద్ధముగా లేని మానవుడు ఒక జీవమునుండి కొంత తీసికొని, చేతులు కడుగుకొని పోవుట ఎట్లు చెల్లును? భగవంతుడు స్వామి, మానవుడు ధర్మకర్త మాత్రమే. ధర్మకర్తకు ఆస్తిని అనుభవించు హక్కు లేదు, కాపాడు బాధ్యత కలదు.

ఈ ద్వారపాలక ధర్మమునకు పరదేశమునుండి ఒక నిదర్శనము చెప్పవచ్చును. జపానులోని హిరోషిమా నగరమున యమాకి వంశమువారి తోటలో 1625 నాటినుండి కుండీలో పెరుగుచున్న పైన్ వృక్షమొకటి ఉండెడిది. 1945 ఆగస్టు 6న ఆ నగరముపై అణుబాంబు పడినది. బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరమున, తోటగోడ చాటున ఉన్న ఆ చెట్టు బ్రతికినది. 1976లో ఆ వంశమువారు దానిని అమెరికా దేశమునకే కానుకగా ఇచ్చిరి. నేడది వాషింగ్టన్ నగరమున జాతీయ వృక్షోద్యానములో ఉన్నది. ఇన్ని తరములలో దాని వేళ్లు ఎన్నిమారులు సవరింపబడినవో! కోసిన ప్రతి చేయియు నీరు పోసినది. తాను పోవునపుడు మరియొక చేతికి అప్పగించినది. అందువలననే నాలుగు వందల ఏండ్లు.

కురచయైనది దేహమే

మరియొక సూక్ష్మమును గమనింపవలెను. వామన వృక్షమునకు కొమ్మ కురచయగును, ఆకు కొంత చిన్నదగును. కాని పూవు, కాయ తమ సహజ పరిమాణమును అంతగా విడువవు. దాని గింజను నేలలో పాతినచో పుట్టునది మరుగుజ్జు చెట్టు కాదు. పెద్ద చెట్టే పుట్టును. కుండీలోని మర్రినే నేలలో నాటి విడిచినను, కాలక్రమమున అది ఊడలు దింపగలదు. కురచతనము దాని స్వరూపము కాదు. దానికి కలిగిన పరిస్థితి. వటువులో త్రివిక్రముడు దాగి ఉన్నట్లు పళ్ళెములో మహావృక్షము దాగి ఉన్నది. పెంచువాడు ఈ సంగతి మరచి, తానే దానిని ఇంతదానిని చేసితినని గర్వించినచో, అతని తోట విద్య కాక అహంకారమగును. శక్తి లేని దినమున ఆ చెట్టును నేలకు అప్పగించుట ఓటమి కాదు. అది కూడ ధర్మమే. రావిని కుండీలో కుదించి అలంకారముగా ఉంచుకొనుట తగదని పలువురు పెద్దలు చెప్పుట కూడ ఈ భయము వలననే కావచ్చును: పూజ్యమైనదానిని వినోదవస్తువుగా చూచుటకు కన్ను అలవాటుపడునేమోనని.

ఒక సందర్భమున మాత్రము ఈ విద్య పరమోపకారియగును. పక్షులు విడిచిన గింజలవలన ఆలయగోపురముల పగుళ్లలో రావి, మర్రి మొలకలు పుట్టును. విడిచినచో వేరు లావెక్కి రాతిని చీల్చును. తీసివేయక తప్పదు, తీసి పారవేసినచో జీవము పోవును. దానిని వేళ్లతో జాగ్రత్తగా తీసి కుండీలో బ్రతికించి, నేల దొరికినపుడు నేలకు చేర్చినవాడు గోపురమును, జీవమును కూడ కాపాడినవాడగును.

నగరము కోసిన వేళ్లు

వృద్ధురాలి మాట జువ్వి మొక్కతో ఆగలేదు. ఉక్కు కర్మాగారము కొరకు అనేక గ్రామములు తమ నేలను ఇచ్చినవి. పొలములు, చెరువులు, కొబ్బరితోటలు, గ్రామదేవతల గుడులు, పితృదేవతలకు తర్పణము విడిచిన గట్లు ఆ నేలతో పోయినవి. కర్మాగారము దేశమునకు ఉక్కునిచ్చినది. వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది. ఇది సత్యము. నిర్వాసితులకు ఆర్ కార్డులు ఇచ్చిరి. వారిలో కొందరికి ఉద్యోగములు లభించినవి, మరికొందరు ఏండ్ల తరబడి ఎదురుచూచిరి. ఇదియు సత్యము. లోకక్షేమము కొరకు ఒక ఊరి వేరు కోయవలసిన అవసరము రాజ్యమునకు రావచ్చును. కాని కుండీలోని మొక్కకు వర్తించు న్యాయము ఊరికి మరింతగా వర్తించును: కోత గడియ పని, కాపుదల తరముల పని. మూడవ అడుగు పెట్టినవాడు వాకిట నిలువవలెను. నిలువనిచో, తీసికొన్నది ఎంతటి మంచి పనికైనను, ఆ తీసికొనుట సంపూర్ణ ధర్మము కానేరదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినపుడు నగరమంతట చెట్లు కూలినవి. కొండలు సైతము పచ్చదనము కోల్పోయి బోడిగా కనబడినవి. అటుపిమ్మట లెక్కకు మిక్కిలిగా మొక్కలు నాటిరి. నాటుట ఒక్కనాటి ఉత్సవము. మొదటి వేసవి దాటించుట మౌనముగా సాగవలసిన సేవ. దినపత్రికలో నాటిన చేతుల చిత్రము వచ్చును; బిందె మోసిన చేతుల చిత్రము రాదు. భగవంతుని లెక్కలో మాత్రము బిందె మోసిన చేయి ముందుండును.

గృహధర్మమునకును ఇది వర్తించును. ఆడపిల్లను పెంచి అత్తవారింటికి పంపుట తెలుగువారి ఇండ్లలో నారు పీకి నాటుట వంటిది. పుట్టింటి మట్టినుండి వేరు కదలిన ఆ పిల్లను అత్తవారు మొదటి దినములలో నీడలో ఉంచవలెను. మాటల ఎండ తగులనీయరాదు. బాధ్యతల ఎరువు ఒక్కసారిగా కుమ్మరింపరాదు. పిల్లలకు క్రమశిక్షణ నేర్పుటయు ఇట్టిదే. బిడ్డ చెడు అలవాటును కోయుట పెంపకము. బిడ్డ సహజముగా ఎదుగదలచిన దిక్కునే కోసి, తండ్రి కోరిక అను పళ్ళెములో సరిపెట్టుట పెంపకము కాదు. రెంటికిని కత్తెర ఒక్కటే. తేడా చేతిలో ఉన్నది.

మూడు ప్రశ్నలు

కాబట్టి వేరుపై కత్తెర పెట్టు ముందు ధర్మజ్ఞుడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: ఈ కోత ఎవరి కొరకు? చెట్టు బ్రతుకు కొరకైనచో సవరణ. కేవలము చూపరుల మెప్పు కొరకైనచో హింస. రెండవది: ఎంత? బ్రతికి చిగుర్చుటకు చాలినన్ని వేళ్లు మిగిలినవా? తీయదగినదానిలోను కొంత విడిచిపెట్టుటయే దయ. మూడవది: తరువాత ఎవరు? నీడయెక్కడ, నీరెవరు పోయుదురు, తాను లేని దినమున ఎవరు చూచుదురు? మొదటి రెండు ప్రశ్నలకు తెలివి సమాధానము చెప్పును. మూడవ ప్రశ్నకు జీవితము సమాధానము చెప్పవలెను.

గాజువాక ఇంటి మేడమీద కూడ మాట ఇచ్చటికే వచ్చి ఆగినది. కుమారుడు కత్తెర క్రింద పెట్టి, "వద్దంటే మానేస్తానమ్మా" అన్నాడు.

తల్లి ఆ మొక్క ప్రక్కన కూర్చుని, గోడ వెంట చుట్టలు తిరిగిన వేళ్లను చేతితో తడిమి చూచినది. "మానేస్తే ఇదిలాగే ఉరి పోసుకుంటుంది. కొయ్యి నాయనా. కానీ పండక్కి మనం ఊరెళితే దీనికి నీళ్లెవరు పోస్తారో ముందు చెప్పి, అప్పుడు కొయ్యి" అన్నది.

"నేను పోస్తాను నాయనమ్మా" అన్నది పిల్ల.

"ఊరెళ్లేది నువ్వు కూడానే తల్లీ. పక్కింటివాళ్లకి చెప్పిరా" అన్నది వృద్ధురాలు. పిల్ల మెట్లు దిగి వెళ్లి, చెప్పి వచ్చిన తరువాతనే కత్తెర కదలినది. మొదటి చెంబు నీరు ఆ వృద్ధురాలే పోసినది.

సింహాద్రి అప్పన్న ఒకే మూర్తిలో ఇరువురు స్వాములై వెలసియున్నాడు. నృసింహుడై గోళ్లతో చీల్చినవాడు ఆయనయే. వరాహమై, స్థానభ్రంశము పొంది నీట మునిగిన భూదేవిని కోరపై మెల్లగా ఎత్తి, మరల తన చోట నిలిపినవాడును ఆయనయే. చీల్చు గోరును, నిలుపు కోరయు ఒక్క మూర్తియందే ఉన్నవి. ఆ రెంటి నడుమ లక్ష్మీదేవి, అనగా దయ, ఉన్నది. ఆ దయ నడుమ ఉన్నంతవరకు కోత కూడ రక్షణమే. ఆ దయ తొలగిన క్షణమున నిలుపుట కూడ బంధనమే. కుండీలోని చిన్న మొక్కకు నీరు పోయు ప్రతి చేయియు ఆ దయకు పాత్రమగు గాక.